అద్దాల వల్ల నంబరు పెరగదమ్మా

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, పిల్లలు ఒడియా మీడియం. మా బాబుకి తొమ్మిదేళ్ళు. బడికి వచ్చిన ఆరోగ్య బృందం వాళ్ళు కళ్ళు పరీక్ష చేసి, దూరపు చూపు ఆనడం లేదని చీటీ రాసిచ్చారు. బజారులో కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్తే కంప్యూటర్ మీద చూసి రెండు కళ్ళకీ మైనస్ 2.25 అన్నారు. అద్దాలు చేయించాం. మా అత్తగారు మాత్రం “ఇంత చిన్నప్పుడే అద్దాలు అలవాటు చేస్తే నంబరు పెరిగిపోతుంది, పెద్దదాని సంగతి చూడలేదా” అంటున్నారు. మా పెద్దమ్మాయికి ఇరవై ఏళ్ళు, పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతోంది. ఐదో క్లాసులో మైనస్ ఒకటితో మొదలై ఇప్పుడు 5 దాటింది. అందుకని బాబు అద్దాలు బడికి మాత్రమే ఇచ్చి, ఇంటికి రాగానే తీసి పెట్టెలో పెట్టేస్తున్నాను. నంబరు సగం తగ్గించి చేయించమని ఒకరు, కంట్లో తేనె వేయమని ఇంకొకరు చెబుతున్నారు. అమ్మాయికి సంబంధాలు చూసేలోపు లేజర్ చేయించాలా? ఇంకో సంగతి. మా వారికి 48. చాలా ఏళ్ళుగా మైనస్ 1.5 ఉండేది, ఈ ఒక్క ఏడాదిలో 3.5 అయింది. ఆయనేమో “దగ్గర చూపు బాగుపడింది, అద్దాలు లేకుండా పేపరు చదువుతున్నాను” అని సంతోషపడుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, గుణుపురం

సమాధానం: అమ్మా, ముందు బాబు అద్దాలు పెట్టెలోంచి తీసి వాడికి ఇచ్చేయండి. బడిలోనూ, ఇంట్లోనూ, వీధిలో ఆడుకునేటప్పుడూ పెట్టుకోనివ్వండి. ఎందుకో చెబుతాను, మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. ఆవిడ కళ్ళారా చూసిందే చెబుతున్నారు. మనవరాలు అద్దాలు పెట్టుకుంది, ఆ తర్వాత నంబరు పెరిగింది. ఒకదాని వెనక ఒకటి జరిగితే మొదటిదే కారణమని ఎవరికైనా అనిపిస్తుంది.

అసలు కారణం కంటిగుడ్డు పొడవు. పుట్టినప్పుడు మన కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి 23, 24 మిల్లీమీటర్లకు చేరి ఆగిపోవాలి. కొందరు పిల్లల్లో అక్కడ ఆగకుండా ఇంకా సాగుతుంది. సినిమా హాల్లో ప్రొజెక్టర్ కదపకుండా తెరను వెనక్కి జరిపితే బొమ్మ మసకబారుతుంది కదా, కంట్లో జరిగేది కూడా అదే. దూరం నుంచి వచ్చే వెలుగు కంటి వెనక ఉన్న రెటీనా అనే తెర మీద పడకుండా, దానికి కాస్త ముందే కలిసిపోతుంది. కన్ను ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పొడవైతే చాలు, సుమారు మైనస్ రెండున్నర నంబరు వస్తుంది. కొందరిలో నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా, ఎక్కువ వంపు తిరిగి ఉండడం వల్ల కూడా మైనస్ వస్తుంది గానీ, పిల్లల్లో ఏటేటా పెరిగే సైటు చాలావరకు ఈ పొడవు వల్లే.

పిల్లలు ఎదిగే వయసులో కన్ను కూడా ఎదుగుతూనే ఉంటుంది. ఏడెనిమిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా జోరుగా, ఆ తర్వాత నెమ్మదిగా పెరిగి, ఎక్కువమందిలో ఇరవై ఏళ్ళ అటూ ఇటూ నిలబడుతుంది. మీ అమ్మాయికి ఐదో క్లాసులో మొదలైంది కాబట్టి పెరగడానికి చాలా ఏళ్ళు దొరికాయి. ఆమె అద్దాలు పెట్టుకోకపోయినా ఆ నంబరు పెరిగేదే. కాకపోతే ఇన్నేళ్ళూ మసకలో చదువుకునేది.

“సగం నంబరు” సలహా ఇచ్చినవాళ్ళు కూడా మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. ఒకప్పుడు కొందరు డాక్టర్లు కూడా అలాగే రాసేవారు. మలేషియాలో పిల్లల మీద దీన్ని పరీక్షించి చూసి 2002లో ఫలితం ప్రచురించారు. కావాలని తక్కువ నంబరు ఇచ్చిన పిల్లల్లో సైటు తగ్గలేదు సరికదా, పూర్తి నంబరు ఇచ్చినవాళ్ళ కంటే కాస్త వేగంగా పెరిగింది. కాబట్టి పూర్తి నంబరే ఇవ్వాలి.

రెండుంపావు అంటే వాడి లోకం ఎంత దగ్గర్లో ఆగిపోతుందో మీరే కొలిచి చూడవచ్చు. అద్దాలు తీయించి, ఒక కన్ను మూయించి, పాఠ్యపుస్తకం వాడి ముఖానికి దగ్గరగా పట్టుకుని మెల్లగా వెనక్కి జరపండి. అక్షరాల అంచులు చెదరడం మొదలయ్యాయని వాడు చెప్పిన చోట ఆపి, టేపు పెట్టి కొలవండి. లెక్క ప్రకారం 44 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఒక మీటరును నంబరుతో భాగిస్తే వచ్చే దూరం అది. మైనస్ 5 ఉన్న మీ అమ్మాయికి 20 సెంటీమీటర్లు. ఆ గీత దాటి అవతల ఉన్నదంతా మసకే. బోర్డు మీద ఒడియా అక్షరాలు గుండ్రంగా ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి. వెనక బెంచీలో కూర్చున్న పిల్లాడికి అవన్నీ ఒకే ముద్దలా కనబడతాయి. పక్కవాడి నోటుబుక్కులో చూసి రాసుకుంటాడు, టీచరు దగ్గర మందబుద్ధి అనిపించుకుంటాడు. ఇంటికొచ్చి “నాకు కనబడట్లేదు” అని కూడా చెప్పడు, ఎందుకంటే బాగా కనబడడమంటే ఎలా ఉంటుందో వాడికి తెలియదు. మీ బాబు బడిలో ఆ బృందం కంట్లో పడడం మంచిదైంది.

ఇక షాపు చీటీ విషయం. ఆ 2.25 నిజమో కాదో ఒకసారి తేల్చుకోవాలి. చిన్నపిల్లల కళ్ళలో దగ్గరి చూపును సర్దుబాటు చేసే కండరం చాలా బలంగా ఉంటుంది. మిషన్‌లోకి చూసేటప్పుడు అది బిగుసుకుని, లేని మైనస్‌ను చూపించవచ్చు, ఉన్న మైనస్‌ను ఎక్కువ చేసి చూపించవచ్చు. అందుకే పిల్లలకు చుక్కల మందు వేసి, ఆ కండరం సడలాక పరీక్ష చేయాలి. ఇది కంటి డాక్టరు దగ్గర జరగాల్సిన పని. మీకు రాయగడలోనే ఎల్.వి. ప్రసాద్ వారి కంటి ఆసుపత్రి ఉంది. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో కంటి విభాగం ఉంది. గుణుపురం ప్యాసింజర్ ఎక్కితే విశాఖ చేరవచ్చు. ఎక్కడికి వెళ్ళినా “బాబుకి చుక్కలు వేసి నంబరు చూడండి” అని అడగండి. మందు వేశాక ఆ రోజంతా, వేసిన మందును బట్టి ఇంకా కొన్ని రోజులు కూడా, దగ్గర అక్షరాలు కనబడవు, ఎండ చూడలేడు. పరీక్షలు ఉన్న వారంలో పెట్టుకోకండి, నెత్తిన టోపీ పెట్టి తీసుకెళ్ళండి. తేడా వస్తే అద్దాలు మార్పించండి. అప్పటిదాకా ఉన్నవే పెట్టుకోనివ్వండి, బడిలో బృందం కూడా చూపు తక్కువనే చెప్పింది కదా.

అద్దాలు కొనడం భారమైతే ఇంకో మాట. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది, దాని కింద చూపు తక్కువున్న బడి పిల్లలకు ఉచితంగా కళ్ళద్దాలు ఇస్తారు. ఆరోగ్య బృందం ఇచ్చిన చీటీతో ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, మొహమాట పడకండి. గాజు అద్దాలు మాత్రం వద్దు, పగిలితే కంటికే ప్రమాదం. పాలీకార్బొనేట్ అద్దాలైతే పిల్లలకు మంచివి. ఫ్రేము ముక్కు మీదికి జారిపోతుంటే వాడు అద్దాల పైనుంచి చూస్తాడు, పెట్టుకుని కూడా ఉపయోగం ఉండదు. జారకుండా సరిచేయించండి. తుడిచేటప్పుడు చొక్కా అంచుతో పొడిగా రుద్దనివ్వకండి, దుమ్ము గీరుకుని అద్దం గీతలు పడుతుంది. నీళ్ళతో కడిగి మెత్తటి నూలుబట్టతో ఒత్తి తుడుచుకోమని నేర్పండి.

ఇప్పుడు నాకు చాలా ముఖ్యమనిపించే సంగతి. పిల్లల కళ్ళు సాగకుండా కాపాడేవాటిలో అన్నిటికంటే చవకైనది పగటి వెలుగు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజూ బడిలో 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ళు చూసి 2015లో ప్రచురించారు. మామూలుగా చదివిన జట్టులో నూటికి దాదాపు 40 మందికి సైటు వచ్చింది, ఆరుబయట గడిపిన జట్టులో 30 మందికి వచ్చింది. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలు రోజుకు 120 నిమిషాలు బయట ఉండేలా చూడడం మొదలుపెట్టారు. దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చిన సైటు కేసులు ఆ తర్వాత తగ్గుముఖం పట్టాయి. ఎందుకు పనిచేస్తుందంటే, మంచి వెలుగు పడితే రెటీనాలో డోపమైన్ అనే పదార్థం ఎక్కువగా విడుదలై, కంటిగుడ్డు సాగడాన్ని అదుపు చేస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. వెలుగును లక్స్ అనే కొలతలో చెబుతారు; ట్యూబులైట్ గదిలో అది మూడు నాలుగు వందల లక్స్ ఉంటే, పగలు ఆరుబయట పది వేలు దాటుతుంది. మామిడిచెట్టు నీడన కూర్చున్నా గది కంటే ఎన్నో రెట్లు ఎక్కువే, కాబట్టి మండుటెండలో నిలబెట్టనక్కర్లేదు. సూర్యుడి వైపు చూడనక్కర్లేదు, చూడకూడదు కూడా.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ వెలుగు సైటు రాకుండా ఆపడంలో బాగా పనిచేస్తుంది. ఇప్పటికే సైటు వచ్చిన పిల్లల్లో పెరుగుదలను తగ్గిస్తుందన్న రుజువు అంత గట్టిగా లేదు. అయినా నేను మీ బాబుకి రెండు గంటలు బయట ఆట రాస్తాను, ఎందుకంటే దానివల్ల నష్టం ఏమీ లేదు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అయిదారేళ్ళ పిల్లలు ఉంటే మాత్రం వాళ్ళను తప్పక బయటికి పంపండి, అసలు లాభం వాళ్ళకే. ఏప్రిల్‌లో మీ ఒడిశాలో మార్నింగ్ స్కూలు మొదలయ్యాక పిల్లలు మధ్యాహ్నమంతా ఇంట్లో ఫోను పట్టుకుని పడుకుంటారు. అప్పుడు సాయంత్రం ఎండ చల్లారగానే ఆటకు తోలేయండి. చదివేటప్పుడు పుస్తకానికీ కంటికీ మధ్య వాడి మోచేతి నుంచి పిడికిలి దాకా ఉన్నంత దూరం ఉండాలి. అరగంటకోసారి లేచి కిటికీలోంచి దూరంగా చూడాలి. బొమ్మలు చూడాల్సే వస్తే ఫోనులో కాకుండా టీవీలో, దూరం నుంచి చూడనివ్వండి.

బాబు తండ్రికీ, అక్కకీ ఇద్దరికీ మైనస్ ఉంది కాబట్టి వాడికి పెరిగే అవకాశం మామూలు పిల్లల కంటే ఎక్కువ. ఆరు నెలలకోసారి పరీక్ష చేయించండి. ఏడాదికి అర నంబరు కంటే ఎక్కువ పెరుగుతుంటే పెరుగుదలను నెమ్మదింపజేసే మార్గాలు రెండు మూడు ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు వేసే పలచటి అట్రోపిన్ చుక్కలు ఒకటి. 0.01 శాతం మందు మన దేశంలో దొరుకుతుంది, 0.05 శాతం ఇంకా బాగా పనిచేస్తుందని హాంకాంగ్ పరిశోధనలో తేలింది. ఏది, ఎన్నాళ్ళు అన్నది డాక్టరే చెప్పాలి, ఉన్నట్టుండి మానేస్తే మళ్ళీ వేగంగా పెరగవచ్చు. మందుల షాపులో దొరికే మామూలు 1 శాతం అట్రోపిన్ ఆ 0.01 శాతం మందుకు నూరు రెట్లు గాఢం, దాన్ని సొంతంగా తెచ్చి వేయకండి. అద్దం మధ్యలో మామూలు నంబరు, చుట్టూ చిన్న చిన్న లెన్సులు ఉండే కొత్తరకం కళ్ళద్దాలు మరొకటి. హాంకాంగ్‌లో రెండేళ్ళు పెట్టించి చూస్తే పెరుగుదల దాదాపు సగానికి తగ్గింది. ఇవి మామూలు అద్దాల కంటే చాలా ఖరీదు. వీటికోసం అప్పు చేయాల్సిన అవసరం లేదు, పుస్తెలు తాకట్టు పెట్టాల్సిన అవసరం అసలే లేదు. రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే చుక్కలతో మొదలుపెట్టమని నేను చెబుతాను. రాత్రి పెట్టుకుని పడుకునే గట్టి కాంటాక్ట్ లెన్సులు కూడా ఉన్నాయి గానీ, శుభ్రత ఏమాత్రం తప్పినా కార్నియాకు ఇన్‌ఫెక్షన్ రావచ్చు. పట్టణం దాటి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన చోట నేను వాటిని సిఫారసు చేయను.

తేనె, ఆముదం, ఉల్లిరసం, చనుబాలు, ఇవేవీ కంట్లో వేయకండి. కంటిగుడ్డు పొడవు వాటితో తగ్గదు, కార్నియా మీద పుండు మాత్రం పడవచ్చు. క్యారెట్, మునగాకు, తోటకూర తినిపించండి, విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే రేచీకటి రాకుండా ఉంటుంది. సైటు తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. కంటి వ్యాయామాలతో అద్దాలు తీయిస్తామని డబ్బులు అడిగేవాళ్ళను దగ్గరికి రానివ్వకండి.

మీ అమ్మాయి సంగతి. లేజర్ చేయించుకోవచ్చు, వయసు సరిపోతుంది. గడిచిన ఏడాదిలో నంబరు మారకుండా నిలకడగా ఉండాలి, కార్నియా మందం, ఆకారం కొలిచే పరీక్షలో అన్నీ సరిగా ఉండాలి. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే ఆ కొలతలకు వారం, రెండు వారాల ముందే మానేయాలి. కళ్ళు ఎక్కువగా నలిపే అలవాటు ఉందా, అద్దాల చీటీలో సిలిండర్ అని రాసే నంబరు ఏటా మారుతోందా అన్నది డాక్టరుకు తప్పక చెప్పండి. కార్నియా బలహీనపడి ముందుకు పొడుచుకువచ్చే జబ్బు ఉంటే లేజర్ చేయకూడదు. పనికిరాదని డాక్టరు చెబితే ఇంకో చోట చేయించేద్దామని తిరగకండి.

కానీ అమ్మా, సంబంధాల కోసం అన్న మాట నాకు నచ్చలేదు. ఆమె కళ్ళు, ఆమె అడిగితే చేయించండి. పెళ్ళిచూపుల్లో అద్దాలు తీసేసి కూర్చోబెట్టడం, ఎదురుగా ఉన్న మనిషి ముఖం కూడా ఆమెకు ఆనకుండా చేయడం, ఇది చాలా ఇళ్ళల్లో జరుగుతోంది. చేసుకోబోయేవాణ్ణి చూసే హక్కు ఆమెకు లేదా? అద్దాలతోనే కూర్చోనివ్వండి.

లేజర్ చేస్తే అద్దాలు పోతాయి గానీ సాగిన కంటిగుడ్డు పొట్టిది కాదు. పొడవైన కంట్లో రెటీనా పలచబడి ఉంటుంది, చిరిగే ప్రమాదం ఎక్కువ. అందుకే ఆమె అద్దాలు పెట్టుకున్నా, లేజర్ చేయించుకున్నా, ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. చీకట్లో మెరుపులు మెరిసినట్టు అనిపించినా, ఉన్నట్టుండి నల్లచుక్కలు గుంపుగా తేలుతున్నట్టు కనబడినా, ఒక పక్కనుంచి నల్లటి తెర దిగుతున్నట్టు ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తాలి. నొప్పి ఉండదు, అందుకే చాలామంది వారం ఆగి చూద్దామనుకుంటారు. ఆగితే చూపు పోతుంది. మీ వారికి కూడా ఈ జాగ్రత్త చెప్పండి.

మీరు ఉత్తరం చివర్లో రాసినా, ముగ్గురిలో తొందరగా చూపించాల్సింది మీ వారినే. 48 ఏళ్ళ వయసులో కంటిగుడ్డు అలా సాగదు. ఒక్క ఏడాదిలో రెండు నంబర్లు పెరిగాయంటే కంటిలోపలి లెన్స్‌లో ఏదో మార్పు వచ్చింది. పేపరు ఎలా చదవగలుగుతున్నారో పైన చెప్పిన లెక్కతోనే తెలుస్తుంది. 1.5 ఉన్నప్పుడు అద్దాలు తీస్తే 67 సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా ఉండేది, చత్వారం వచ్చాక అంతకంటే బాగా దగ్గరగా పట్టుకుని చదవడం కష్టమవుతుంది, దూరంగా పట్టుకుంటే అక్షరాలు చిన్నగా కనబడతాయి. ఇప్పుడు 3.5 కాబట్టి 28, 29 సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా ఉంటోంది. పేపరు దాదాపు అక్కడే పట్టుకుంటాం. చత్వారం పోలేదు, దూరపు చూపు ఇంకా దిగజారింది.

ఇలాంటి మార్పుకు ఎక్కువగా కనబడే కారణాలు రెండు. ఒకటి షుగర్. రక్తంలో షుగర్ బాగా పెరిగితే కంటి లెన్స్ ఉబ్బి మైనస్ పెరుగుతుంది. షుగర్ ఉందని తెలియనివాళ్ళకు కూడా ఇది మొదటి గుర్తు కావచ్చు. పరగడుపున, తిన్న తర్వాత, మూడు నెలల సగటు, ఈ రక్తపరీక్షలు ఈ వారంలోనే చేయించండి. షుగర్ ఎక్కువుందని తేలితే అది అదుపులోకి వచ్చి కొన్ని వారాలు గడిచేదాకా కొత్త అద్దాలు చేయించకండి, నంబరు మళ్ళీ మారుతుంది, డబ్బు వృథా. రెండో కారణం శుక్లం. లెన్స్ మధ్యభాగం గట్టిపడే రకం శుక్లంలో మొదట మైనస్సే పెరుగుతుంది. రాత్రి బండి నడిపేటప్పుడు ఎదురు లైట్లు చెదిరి కళ్ళలో పడుతున్నాయా, తెల్లచొక్కా పసుపుగా అనిపిస్తోందా అని ఆయన్ను అడగండి. శుక్లమైతే ఆపరేషన్ ఉంది, లోపల పెట్టే లెన్స్‌తో ఈ మైనస్‌ను కూడా సరిచేయవచ్చు. మైనస్ ఉన్నవాళ్ళకు గ్లకోమా, అంటే కంటి వెనక నరం దెబ్బతినే జబ్బు, వచ్చే అవకాశం కూడా ఎక్కువ కాబట్టి కంటి ఒత్తిడి, వెనక నరం కూడా చూడమనండి.

బాబునీ, మీ వారినీ ఒకే రోజు తీసుకెళ్ళవచ్చు. ఇద్దరికీ చుక్కలు వేస్తారు కాబట్టి ఆయన ఆ రోజు బండి నడపకూడదు, బస్సులో వెళ్ళండి. మీ వారి పాత అద్దాలు, పాత చీటీలు, రక్తపరీక్షల కాగితాలు, బాబు బడిలో ఇచ్చిన చీటీ, షాపు చీటీ అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. పాత నంబర్లు చూస్తే ఎంత కాలంలో ఎంత మారిందో డాక్టరుకు వెంటనే తెలుస్తుంది. ఆయన పరీక్షల్లో ఏం తేలిందో మళ్ళీ రాయండి.